పాణిగ్రాహి తుపాకీ సంగతి తర్వాత, ముందు ఆ జముకు సంగతి తేల్చండి!

ఏటండి, మళ్లీ మొదలెట్టేశారా? పాణిగ్రాహి పోయిన డిసెంబరు 22 వస్తే చాలు, మన శ్రీకాకుళంలో రెండు జట్లు తయారు. ఒకడు శ్రీకాకుళం గిరిజన పోరాటంలో పాటలు కట్టిన సుబ్బారావు పాణిగ్రాహి ప్రజాకవి అంటాడు. ఇంకోడు కవేటి బాబూ, నక్సలైటు అంటాడు. ఇద్దరూ తుపాకీ దగ్గరే ఆగిపోయి గొంతులు చించుకుంటున్నారు. నేనొక మాట అంటాను, తిట్టుకున్నా పర్లేదు. ఆయన చేసిన అసలు తిరుగుబాటు తుపాకీ పట్టడం కాదు. జముకు పట్టడం!

ఆగండాగండి. జముకంటే ఏటో ఈ కాలం కుర్రాళ్లకి తెలీదు కదా. డొల్లగా కుండలా ఉంటాది. ఒక పక్కన తోలు బిగించి, ఆ తోలు నడుమ నుంచి తీగ లాగుతారు. చంకలో ఇరికించుకుని ఒక చేత్తో తీగ లాగి పట్టి, రెండో చేత్తో మీటాలి. బిగిస్తే కీచుమంటాది, వదులు చేస్తే బొంగురుపోతాది. ఎవడో మనల్ని నిలదీస్తన్నట్టే ఉంటాది! ఊళ్లో అమ్మవారి పండగలకి కథ చెప్పేది దీంతోనే.

ఇప్పుడు చెప్పండి, ఆయనెవరు? బొడ్డపాడు గుడి పూజారి. బ్రాహ్మడు. హారతి పళ్లెం పట్టిన చెయ్యి తోలు బిగించిన వాద్యం పట్టింది. అదీ 1960ల్లో, మన శ్రీకాకుళం ఉద్దానంలో! అగ్రహారం వీధిలో అదెంత పెద్ద మాటో మీ ఇంట్లో ముసలమ్మని అడగండి.

ఇంకోటి. పాణిగ్రాహి అన్నది ఒడియా ఇంటిపేరు. పాట మాత్రం తెలుగు. మా ఉద్దానపోళ్లకి ఇది వింతేం కాదులెండి. మా మావయ్య ఒడియాలో పలకరించి తెలుగులో తిడతాడు. ఎవరైనా ఎదురు తిడితే మళ్లీ ఒడియాలోకి దూకేస్తాడు.

సరే, కథలోకి రండి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్నల్ని భూస్వాములు కాల్చి చంపిన సంగతి మీకు తెలుసు. గిరిజన పోరాటం నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్ల సంగతీ తెలుసు. మళ్లీ చెప్పను. నా గొడవ ఒక్కటే. కమ్యూనిస్టులకి అప్పటికే బుర్రకథ ఉంది. 1940ల్లోనే ప్రజానాట్యమండలి దాంతో ఊళ్లకి ఊళ్లనే ఊపేసింది. తయారుగా ఉన్నదాన్ని వదిలి ఈయన జముకెందుకు పట్టినట్టు? ఎందుకంటే అది మనది! కొండకింద కూలోడికి ఆ తీగ మోగితే అమ్మవారి కథే అనుకుని వచ్చి కూర్చుంటాడు. తీరా వింటే అందులో సావుకారుంటాడు, వడ్డీ ఉంటాది, పోయిన భూముంటాది. నన్నడిగితే ఆయన పూజారితనం మానలేదండీ, గుడి మార్చాడంతే!

మేధావులు మాత్రం అడవికెళ్లకపోతే ఇంకెన్ని పాటలు రాసేవాడో అని నిట్టూరుస్తారు. ఒళ్లు మండుతుంది నాకు. అడవికి పోయే దారి లేకపోతే ఆ పాటలెక్కడివండీ?

1969 డిసెంబరు 22, రంగమటియా కొండలు. అక్కడే పోయాడాయన. ఉద్యమంలోనే ఉన్న పంచాది నిర్మల కూడా ఆ రోజే పోయింది. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకుని కాల్చేశారని ఉద్యమంవాళ్లు అంటారు.

బొడ్డపాడులో స్తూపం ఉంది, దండలూ పడతాయి. మరి జముకేదీ? మీ ఊళ్లో ఇంకా వాయించే ముసలాయన ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. రేపే కెమెరా పట్టుకుని వచ్చేస్తాను, ఎంత లోపల ఊరైనా సరే.