గోధుమ లేని పిండికి పట్టు

శ్రోతలకు నమస్కారం.

గోధుమ పడని మనిషి ఇంట్లో ఉంటే భోజనానికి పెద్ద ఇబ్బంది లేదు. అన్నం ఉంది, ఇడ్లీ ఉంది, చపాతీ బదులు జొన్నరొట్టె ఉంది. చిక్కంతా బ్రెడ్డు, కేకుల దగ్గరే. మైదా తీసేసి అంతే బియ్యప్పిండి వేసి కేకు చేశారనుకోండి. ఓవెన్‌లో ఉన్నంతసేపు పొంగుతుంది, బయటికి తీయగానే మధ్యలో కుంగుతుంది, కోస్తే పొడిపొడిగా రాలుతుంది. బ్రెడ్డయితే అసలు పొంగనే పొంగదు. ఈ లోటు పూడ్చడానికి వాడే జిగుర్ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

గోధుమలో గ్లూటెనిన్, గ్లయడిన్ అని రెండు రకాల ప్రొటీన్లున్నాయి. నీళ్లు పోసి పిండిని పిసికేకొద్దీ ఇవి రెండూ అల్లుకుని సాగే వలలా తయారవుతాయి. అదే గ్లూటెన్. ఈస్ట్ వదిలే గాలి బుడగలు ఆ వలలో చిక్కుకుంటాయి కాబట్టే బ్రెడ్డు పొంగుతుంది. బార్లీలో, రై ధాన్యంలో కూడా ఇలాంటి ప్రొటీన్లే ఉంటాయి. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, మొక్కజొన్నల్లో ఉండవు.

సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ గ్లూటెన్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. గోధుమకు, ఈ జబ్బుకు ఉన్న సంబంధాన్ని తేల్చినవాడు విల్లెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకు అనుమానం ముందునుంచే ఉంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు, ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం ఆ అనుమానానికి బలమిచ్చింది. ఇక్కడ ఒక మాట. మీకు ఈ జబ్బుందేమోనన్న సందేహం ఉంటే గోధుమ మానేయకముందే డాక్టరుకు చూపించుకోండి. మానేశాక రక్తపరీక్ష చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు.

ఇక జిగుర్ల సంగతి. గ్లూటెన్-ఫ్రీ పేరుతో అమ్మే చాలా ప్యాకెట్ల మీద కనిపించేది జాంథాన్ గమ్. 415 అనే నంబరుతో కూడా రాస్తారు. క్యాబేజీ ఆకులను నల్లబరిచి కుళ్లబెట్టే ఒక బ్యాక్టీరియాకు చక్కెర ద్రావణం పెట్టి పెంచితే, అది తయారుచేసే జిగురు ఇది. వినడానికి బాగాలేదు గానీ, శుభ్రం చేసి ఎండబెట్టాక మిగిలేది తెల్లటి పొడి. అమెరికాలోని పియోరియా పరిశోధనశాలలో ఎలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం దీన్ని కనిపెట్టింది. 1969లో ఆ దేశం ఆహారంలో వాడటానికి అనుమతిచ్చింది. జీన్స్ అంతకుముందు పనిచేసింది డెక్స్‌ట్రాన్ అనే మరో జిగురు మీద. దాన్ని తయారుచేసేది ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి. మన ఇడ్లీపిండిని రాత్రికి రాత్రి పొంగించేదీ ఆ జాతి సూక్ష్మజీవే!

జాంథాన్ వాడేటప్పుడు చేయి వెనక్కి లాగాలి. ఈస్ట్ బ్రెడ్‌కు కప్పు పిండికి ఒక టీస్పూన్, కేకుకు పావు నుంచి అర టీస్పూన్, బిస్కెట్లకు పావు టీస్పూన్ చాలు. ఎక్కువైతే కేకు ముక్క నోట్లో జారుడుగా, బంకగా తగులుతుంది. ఆ రుచి ఒకసారి తెలిశాక మళ్లీ ఎవరూ అడగరు. నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందుగా పొడి పిండిలోనో చక్కెరలోనో బాగా కలిపి, ఆ తర్వాతే తడి చేయాలి. కొందరికి దీనితో కడుపుబ్బరం వస్తుంది.

రెండోది గ్వార్ గమ్. ఇది మన గోరుచిక్కుడు గింజల్లోంచే వస్తుంది. గింజ పొట్టుకు, లోపలి మొలకకు మధ్య ఉండే తెల్లటి పలుకును పొడి చేస్తే గ్వార్ గమ్. దీన్ని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పండించేది మన దేశమే. రాజస్థాన్ ఇసుక నేలలే దీనికి పెద్ద ఆధారం. అమెరికాలో చమురు, గ్యాసు బావులు తవ్వేవాళ్లు కూడా దీన్ని టన్నుల కొద్దీ వాడతారు. ఆ గిరాకీతోనే 2012 ప్రాంతంలో ధర ఆకాశానికి వెళ్లింది. చల్లటి నీళ్లలో కూడా చిక్కబడుతుంది. పుల్లటి పిండిలో ఎక్కువసేపు వేడి తగిలితే మాత్రం పట్టు తగ్గుతుంది. అందుకని నిమ్మరసం, పుల్ల మజ్జిగ పడే కేకుల్లో జాంథాన్ మేలు.

ఈస్ట్ బ్రెడ్ విషయంలో మాత్రం నా ఓటు ఈ రెంటికీ కాదు, ఇసబ్‌గోల్‌కే. మలబద్ధకానికి మెడికల్ షాపులో కొనే ఆ పొట్టే. ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్ పంట. ఉంఝా దీని వ్యాపారానికి పేరుమోసిన ఊరు. నీళ్లలో వేస్తే నిమిషాల్లో గట్టి జెల్ అవుతుంది. జాంథాన్ పిండిని చిక్కబరుస్తుందే తప్ప, చేత్తో పట్టుకుని గుండ్రంగా చుట్టగలిగే ముద్దగా చేయదు. ఇసబ్‌గోల్ చేస్తుంది. ముద్దను సాగదీస్తే కొంతైనా సాగుతుంది కూడా.

కొలతలు చెబుతాను, కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి. బియ్యప్పిండి 200 గ్రాములు, జొన్నపిండి 100, సగ్గుబియ్యం పొడి గానీ కర్రపెండలం పిండి గానీ 100. వీటికి ఇసబ్‌గోల్ 20 గ్రాములు. ఇసబ్‌గోల్‌ను ముందుగా 400 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేసి గిలక్కొట్టి, అయిదు నిమిషాలు వదిలేయాలి. పిండ్లలో 7 గ్రాముల డ్రై ఈస్ట్, ఒక చెంచా చక్కెర, టీస్పూనున్నర ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె వేసి, ఆ జెల్‌తో బాగా పిసకాలి. గోధుమ పిండిలా రెండుసార్లు పొంగించే పని లేదు. టిన్నులో సర్ది, ఒకసారి పొంగనిచ్చి, 200 డిగ్రీల దగ్గర సుమారు గంటసేపు కాల్చాలి. పైన రంగు వచ్చిందని తొందరపడి తీస్తే లోపల ముద్దగా ఉండిపోతుంది. కొన్ని కంపెనీల ఇసబ్‌గోల్‌తో బ్రెడ్డు లోపల కాస్త ఊదారంగు వస్తుంది. భయపడక్కర్లేదు, తినొచ్చు.

పొట్టు, పొడి ఒకటి కావు. పొడి ఇంకా ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, చెంచా లెక్కన కొలిస్తే బరువూ ఎక్కువ తూగుతుంది. అందుకే తూచుకోమంటాను. ఇంకో సంగతి, పొట్టయినా పొడయినా ఇసబ్‌గోల్‌ను నీళ్లు లేకుండా ఎవరూ మింగకూడదు. గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది.

కేకులకు, బిస్కెట్లకు ఇంత తతంగం అక్కర్లేదు. రెండు మూడు గుడ్లు పడే కేకులో గుడ్డే పట్టునిస్తుంది; చాలాసార్లు ఏ గమ్మూ వేయనవసరం లేదు. పిండి కలిపి అరగంట నాననిస్తే బియ్యప్పిండి పలుకు కూడా తగలదు. గుడ్డు తిననివాళ్లు ఒక్కో గుడ్డుకు పెద్ద చెంచాడు అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి వేయొచ్చు. బిస్కెట్టు ఎలాగూ కరకరలాడాలి కాబట్టి కాస్త పొడిబారినా నష్టం లేదు.

ఏ ప్యాకెట్టూ కొనకుండా పట్టు తెచ్చే పద్ధతి మన ఇళ్లలో పాతదే. జొన్నరొట్టె చేసే వాళ్లను చూడండి. మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు. ఆ వేడికి పిండిలోని గంజి పదార్థం ఉడికి జిగురెక్కుతుంది, రొట్టె చేత్తో తట్టినా విరగదు. బ్రెడ్‌కూ ఈ ఉపాయం పనికొస్తుంది. మొత్తం పిండిలో ఓ గుప్పెడు తీసి నీళ్లలో జావలా ఉడికించి, చల్లార్చి, మిగతా పిండిలో కలపండి. ఇసబ్‌గోల్ కొంచెం తగ్గించినా సరిపోతుంది. ఇడ్లీలో మినప్పప్పు చేసే పనీ ఇలాంటిదే. మినుముల్లోని జిగురు, ప్రొటీన్లు కలిసి గాలిని పట్టి ఉంచుతాయి. మినప్పిండి లేకుండా వట్టి ఇడ్లీరవ్వ ఉడికించి చూడండి, తేడా తెలుస్తుంది.

సీలియాక్ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే జిగురు కంటే పిండి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గోధుమలు ఆడించిన గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి పనికిరాదు. మన దేశ నిబంధనల ప్రకారం గ్లూటెన్-ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూడండి. ఇంగువ డబ్బా కూడా తిప్పి చదవండి, చాలావాటిలో మైదా కలుస్తుంది.

చివరగా, కాల్చిన బ్రెడ్‌ను వేడివేడిగా కోయకండి. రెండు గంటలు ఆగితే గానీ లోపలి జిగురు గట్టిపడదు. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడు రెండు ముక్కలు పెనం మీద కాల్చుకోండి.

నమస్కారం.