రెండు సెంటీమీటర్ల గడ్డకు అడుగు పొడవు పేగు ఎందుకు తీస్తారు?

నమస్కారం. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నవారి బంధువులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "స్కాన్‌లో గడ్డ రెండు సెంటీమీటర్లేనని రాశారు, మరి అడుగు పొడవు పేగు ఎందుకు కోసేశారు?" డాక్టరు అవసరానికి మించి కోశారేమోనన్న అనుమానం ఆ ప్రశ్న వెనుక ఉంటుంది. మరికొందరు దీనికి పూర్తిగా భిన్నంగా, "గడ్డ మొత్తం వచ్చేసిందట, ఇక భయం లేదు" అని నిశ్చింతగా చెబుతారు. ఆ అనుమానానికీ ఈ ధీమాకూ పుట్టిల్లు ఒకటే. ఆపరేషన్ అంటే గడ్డను తీసివేయడమని ఇద్దరూ అనుకుంటున్నారు. సర్జన్ దృష్టి మాత్రం గడ్డ కంటే దాని పక్కనున్న కొవ్వు మీదే ఎక్కువగా ఉంటుంది.

[తెరపై: పెద్దపేగు, దానిని పట్టి ఉంచే కొవ్వు పొర, అందులోని రక్తనాళాలు]

ఈ బొమ్మలో పసుపు రంగులో కనిపిస్తున్న కొవ్వు పొరను మెసెంటరీ అంటారు. పేగుకు రక్తం తెచ్చే ధమని, రక్తాన్ని తీసుకువెళ్లే సిర, కణజాలాల నుంచి లింఫు అనే ద్రవాన్ని మోసే లింఫు నాళాలు, ఆ ద్రవాన్ని వడపోసే లింఫు గ్రంథులు అన్నీ ఈ పొరలోనే ఉంటాయి. క్యాన్సర్ కణాలు పేగు గోడ వెంబడి అటూ ఇటూ ఎక్కువ దూరం పాకవు. అవి లింఫు నాళాలలోకి దిగి, ధమని పక్కనే దాని మొదలు వైపు ప్రయాణిస్తాయి. కనుక ఆ దారిలోని గ్రంథులన్నీ బయటికి రావాలంటే ధమనిని మొదలు దగ్గరే కట్టి కోయాలి. అలా కట్టిన తరువాత ఆ ధమని రక్తం మీద బతికే పేగు భాగం బతకదు కాబట్టి దానిని కూడా తీసివేయక తప్పదు. గడ్డకు ఇరువైపులా ఐదేసి సెంటీమీటర్లు చాలునన్న లెక్క ఉన్నప్పటికీ, తీసే పొడవు అంతకు మించిపోవడానికి కారణం ఇదే. మొత్తం మీటరున్నర పొడవుండే పెద్దపేగులో అడుగు తగ్గినంత మాత్రాన ఆహారం జీర్ణం కావడంలో లోటేమీ రాదు, ఎందుకంటే ఆ పని ప్రధానంగా చిన్నపేగుది.

ఇప్పుడు మీరొక కాగితపు పొట్లాన్ని ఊహించుకోండి. లోపల మెత్తని పొడి ఉంది, పైన దారం కట్టి ఉంది. అందులో ఎక్కడో ఒక చిటికెడు పొడి పాడైందని తెలిసింది, కానీ అది ఎంత దూరం కలిసిపోయిందో బయటి నుంచి చెప్పలేము. పొట్లం విప్పి ఆ చిటికెడు మాత్రం తీయబోతే మిగిలినది చేతికీ బల్లకూ అంటుకుంటుంది. అందువల్ల కాగితం చిరగకుండా, దారం ఊడకుండా పొట్లాన్ని పొట్లంగానే తీసి బయట పెట్టడం ఒక్కటే దారి. పేగు, దాని కొవ్వు, ఆ కొవ్వును కప్పి ఉంచే పలుచని పొర కలిసి ఈ పొట్లం. ధమని దాని దారం.

ఈ పోలిక అక్షరాలా సరిపోయేది పురీషనాళం, అంటే మలద్వారానికి పైనుండే పెద్దపేగు చివరి భాగం విషయంలో. అది కటి ఎముకల మధ్య, ఇరుకైన చోట, చుట్టూ కొవ్వుతో, ఆ కొవ్వు చుట్టూ సన్నని కాగితం వంటి పొరతో నిజంగానే పొట్లంలా ఉంటుంది. అక్కడి ఆపరేషన్ల చరిత్ర అంతా ఈ కాగితాన్ని గుర్తించని చరిత్ర. బ్రిటిష్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో ప్రచురించిన వ్యాసంలో, అంతకు ముందు కింది వైపు నుంచి మాత్రమే పురీషనాళాన్ని తొలగించిన తన 57 మంది రోగులలో 54 మందికి జబ్బు తిరగబెట్టిందని దాపరికం లేకుండా రాశాడు. తన వైఫల్యాన్ని ఇంత నిజాయితీగా లెక్కపెట్టినవారు వైద్య చరిత్రలో తక్కువమందే అని నా అభిప్రాయం. పొట్ట వైపు నుంచి, కింది నుంచి కలిపి చేసే పెద్ద ఆపరేషన్‌ను ఆయన ప్రవేశపెట్టాడు. దానితో ఫలితాలు మెరుగయ్యాయి గానీ, మలద్వారంతో సహా అంతా తీసివేయడం వల్ల రోగికి మలం చేరడానికి పొట్ట మీద తగిలించే సంచి జీవితాంతం తప్పేది కాదు.

ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు సర్జన్లు కటి లోపల కంటికి కనిపించని చోట చేతిని దూర్చి, వేళ్లతో పురీషనాళాన్ని విడదీసేవారు. పొట్లాన్ని చీకట్లో లాగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాగితం చిరిగి కొంత పొడి లోపలే మిగిలిపోయేది. కటి భాగంలో జబ్బు తిరగబెట్టడం నూటికి 20 నుంచి 40 మంది వరకు ఉండేదని అప్పటి నివేదికలు చెబుతున్నాయి. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ పట్టణంలో పనిచేసిన బిల్ హీల్డ్ 1982లో దీనికి జవాబు చెప్పాడు: పురీషనాళం చుట్టూ ఉన్న కొవ్వును దాని పొరతో సహా చెక్కు చెదరకుండా, కళ్లతో చూస్తూ, పదునైన పరికరంతో విడదీసి తీయాలి. ఈ పద్ధతి వ్యాపించిన చోట్ల తిరగబెట్టే రేటు పది శాతం కంటే తక్కువకు దిగింది. కొత్త మందూ లేదు, కొత్త యంత్రమూ లేదు. సర్జన్ చేయి వెళ్లే దారి కొన్ని మిల్లీమీటర్లు మారింది, అంతే. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అన్న మాట జనంలో బలంగా నాటుకుపోవడానికి, పొట్లాలు చిరిగిన ఆ పాత కాలపు ఆపరేషన్లు కూడా ఒక కారణమై ఉంటాయని నా ఊహ.

[తెరపై: బయటికి తీసిన భాగానికి సిరా పూసిన బొమ్మ]

పొట్లం చిరిగిందో లేదో తేల్చేది సర్జన్ కాదు, తీసిన భాగాలను పరీక్షించే వైద్యుడైన పాథాలజిస్టు. తీసిన భాగం ప్రయోగశాలకు చేరగానే పాథాలజిస్టు ముందుగా దాని పైపొరను పరిశీలించి, అది నున్నగా ఉందా, గాట్లు పడ్డాయా, కొవ్వు ఊడి కండరం కనిపిస్తున్నదా అని గ్రేడు వేస్తారు. తరువాత దాని పైభాగమంతా సిరా పూసి, అడ్డంగా పలుచని ముక్కలుగా కోసి, క్యాన్సర్ కణాలు ఆ సిరా గీతకు ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తారు. ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన పాథాలజిస్టు ఫిల్ క్విర్క్ బృందం 1986లో 52 మంది నమూనాలను ఇలా పరీక్షించింది. వారిలో 14 మందికి జబ్బు పక్క అంచు దాకా వచ్చి ఉంది. ఆ 14 మందిలో 12 మందికి కటి భాగంలో తిరిగి వచ్చింది. అంతకుముందు అందరూ పేగును పైనా కిందా కోసిన అంచులనే చూసేవారు, పక్క అంచును పట్టించుకునేవారు కాదు. దారం ముడి చూసి కాగితాన్ని చూడకపోవడం వంటిదే ఇది. నేడు ఈ పక్క అంచుకు ఒక మిల్లీమీటరు లోపు క్యాన్సర్ ఉంటే దానిని ప్రమాద సూచనగా లెక్కిస్తారు. నివేదికలో కనీసం 12 లింఫు గ్రంథులు పరీక్షించి ఉండాలన్న నియమం కూడా ఇటువంటిదే: గ్రంథులు తక్కువగా దొరికితే, జబ్బు లేదన్న మాటను అంత గట్టిగా నమ్మడానికి వీలుండదు.

జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పే స్టేజీ సంఖ్యల గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. రెండో స్టేజీ మూడో స్టేజీ కంటే ఎప్పుడూ మేలని అందరూ అనుకుంటారు. 2004లో అమెరికా క్యాన్సర్ నమోదుల ఆధారంగా వెలువడిన ఒక విశ్లేషణలో, గడ్డ పేగు గోడలోనే ఉండి కొద్ది గ్రంథులకు పాకిన వారిలో, అంటే మూడో స్టేజీలోని మొదటి తరగతిలో, ఐదేళ్ల మనుగడ సుమారు 83 శాతం ఉంది. గ్రంథులకు పాకకపోయినా గోడను పూర్తిగా చీల్చుకుని బయటికి వచ్చిన గడ్డలున్న వారిలో, అంటే రెండో స్టేజీ చివరి తరగతిలో, అది సుమారు 72 శాతమే ఉంది. మూడో స్టేజీ వారికి ఆపరేషన్ తరువాత కీమోథెరపీ ఇవ్వడం ఈ తేడాకు కొంత కారణం. మిగిలిన కారణం పొట్లంలోనే ఉంది: పాడైన పొడి లోపల కాస్త కలిసినా కాగితం నిలిచి ఉంటే అంతా బయటికి వస్తుంది, లోపలి నుంచే కాగితానికి చిల్లు పడితే సర్జన్ ఎంత జాగ్రత్తపడినా కొంత అప్పటికే ఒలికిపోయి ఉంటుంది.

దీర్ఘకాల ఫలితం అనగానే అందరూ మనుగడ శాతాన్నే అడుగుతారు. అమెరికా గణాంకాల ప్రకారం జబ్బు పేగుకే పరిమితమైనప్పుడు ఐదేళ్ల మనుగడ సుమారు 90 శాతం, పక్క గ్రంథులకు పాకినప్పుడు 70 శాతం పైచిలుకు, దూరపు అవయవాలకు చేరినప్పుడు 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అయితే బతికిన ఆ ఏళ్లు ఎలా గడుస్తాయన్నది కూడా ఫలితమే, దాని గురించి ఆపరేషన్‌కు ముందు మాట్లాడేవారు తక్కువ. పురీషనాళం మలాన్ని నిలవ ఉంచే గది. ఆ గదిని తీసి పైపేగును కిందికి లాగి అతికిస్తే, రోజుకు చాలాసార్లు వెళ్లవలసి రావడం, ఒకసారి వెళ్లివచ్చిన వెంటనే మళ్లీ వెళ్లవలసి రావడం, ఆపుకోలేకపోవడం మొదలవుతాయి. ఈ ఇబ్బంది తీవ్రస్థాయిలో సుమారు 40 శాతం మందికి ఉంటుంది, మొదటి ఏడాది గడిచాక చాలామందికి కొంత సర్దుకుంటుంది. అతుకు ఎంత కిందికి ఉంటే, రేడియేషన్ కూడా తోడైతే, అంత ఎక్కువ. "సంచి పెట్టకుండా చేశారు" అన్నది ఒక్కటే విజయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. బాగా కిందికి అతికించిన పేగుతో ఇల్లు కదలలేని మనిషి కంటే, సంచితో హాయిగా తిరిగే మనిషి జీవితమే మెరుగు కావచ్చు. చాలామందికి పెట్టే సంచి కూడా అతుకు మానే వరకు తాత్కాలికంగా పెట్టేదే, సాధారణంగా కొన్ని నెలలకు దానిని మూసేస్తారు.

మూత్రాశయాన్నీ లైంగిక సామర్థ్యాన్నీ నడిపే నరాలు ఈ పొట్లం కాగితానికి సరిగ్గా బయటి వైపు ఆనుకుని వెళతాయి. కాగితానికి లోపలికి కోస్తే క్యాన్సర్ మిగులుతుంది, బయటికి కోస్తే నరాలు తెగుతాయి. హీల్డ్ చూపిన దారి ఈ రెండింటికీ మధ్య వెంట్రుకవాసి సందులో ఉంది. కనుక జబ్బును వదిలించడానికీ మామూలు జీవితాన్ని కాపాడడానికీ సర్జన్ వెళ్లవలసిన దారి ఒక్కటే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే అనిపిస్తుంది.

సమయం దాటిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. పురీషనాళపు గడ్డ కాగితానికి దగ్గరగా ఉంటే ముందే రేడియేషన్, కీమోథెరపీ ఇచ్చి దానిని అంచు నుంచి వెనక్కి జరుపుతారు. కొందరిలో అది పూర్తిగా మాయమవుతుంది. అటువంటివారికి ఆపరేషన్ చేయకుండా దగ్గరగా గమనిస్తూ ఉండవచ్చని బ్రెజిల్ సర్జన్ ఆంజెలిటా హాబర్-గామా 2004లో ప్రచురించిన ఫలితాలతో చూపారు. అయితే ఇది వదిలేయడం కాదు, మొదటి రెండు మూడేళ్లు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోగలవారికే తగిన దారి. చిన్న కోతలతో చేసే లాపరోస్కోపీ పెద్దపేగు క్యాన్సర్‌లో పెద్ద కోతకు సమానమైన ఫలితమే ఇస్తుందని 2004 నాటి పెద్ద అధ్యయనం తేల్చింది; లోపల పొట్లం మాత్రం అదే. కాలేయానికి పాకినా, ఆ మచ్చలను పూర్తిగా తీయగలిగితే ఎంపిక చేసిన రోగులలో సుమారు 40 శాతం మంది ఐదేళ్లు దాటుతున్నారు, కనుక నాలుగో స్టేజీ అనగానే చేతులు ఎత్తేయకూడదు. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో, కీమోథెరపీ తరువాత శిక్షకుల పర్యవేక్షణలో మూడేళ్లు వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ల మనుగడ 90 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో 83 శాతం ఉంది.

తిరగబెట్టే కేసులలో నూటికి 80 వరకు మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. అందువల్లనే ఆ కాలంలో జబ్బు తిరిగి వచ్చిందేమో సూచించే సీఈఏ అనే రక్తపరీక్ష మూడు నుంచి ఆరు నెలలకోసారి, స్కాన్లు ఆరు నెలలకో ఏడాదికో చేస్తారు, ఐదేళ్లతో ఈ వరుస ముగుస్తుంది. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ మాత్రం ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి, తరువాత మూడేళ్లకు, ఆపైన ఐదేళ్లకోసారి కొనసాగుతుంది. అది పాత గడ్డ కోసం మాత్రమే కాదు. మొదటి గడ్డను పెంచిన ఒంట్లోనే మిగిలిన పెద్దపేగు కూడా ఉంది, అందులో కొత్త పాలిప్, అంటే తరువాత క్యాన్సర్‌గా మారగల బుడిపె, పుట్టడానికి పాత ఆపరేషన్ ఎంత బాగా జరిగిందన్న దానితో సంబంధం లేదు.