గింప్ 3 తోని చీర ఫొటో బ్యాక్‌గ్రౌండ్ తీసుడు: ఏ అంచుకు ఏ టూలు? పూర్తి రివ్యూ

నమస్తే అందరికీ. ఇగో, స్క్రీన్ మీద రెండు ఫొటోలున్నయి. రెండూ ఒకటే తేలియా రుమాల్ దుపట్టా. ఎడమ దిక్కున్నది అసలు ఫొటో, తెల్ల దుప్పటి మీద పరిచి తీసింది. కుడి దిక్కున్నది బ్యాక్‌గ్రౌండ్ తీసేసినంక. జర జూమ్ చేస్త, చూడండి. ఎరుపు ఉన్నది, నలుపు ఉన్నది, తెల్ల గళ్లు మాత్రం మాయమైనయి. వాటి జాగల బొక్కలు పడ్డయి. వెనుక నీలం పెడితే గళ్లు నీలం, పచ్చ పెడితే గళ్లు పచ్చ. నేసినోళ్లు నెలల తరబడి నూలు కట్టి, అద్దకం వేసి తెచ్చిన డిజైన్ ఒక్క క్లిక్కుతోని పాడైంది.

ఇది ఎందుకైతది, కాకుండా ఎట్ల చేయాలె అన్నదే ఈ వీడియో. సాఫ్ట్‌వేర్ పేరు గింప్. పూర్తిగ ఫ్రీ. గింప్‌ల వంద పనులున్నయి, నేను ఒక్క పని మీదనే రివ్యూ చెప్త: ఫొటో వెనుక భాగం తీసుడు. పుట్టపాక, పోచంపల్లి, నారాయణపేట, గద్వాల దిక్కు చీరలు నేసి వాట్సాప్‌ల అమ్ముకునేటోళ్లకు, నల్లగొండల, పాలమూరుల ఫ్లెక్సీలు డిజైన్ చేసేటోళ్లకు ఇది రోజూ పడే పని.

ముందు డౌన్‌లోడ్ సంగతి. గింప్ డాట్ ఓఆర్‌జీ, ఇదొక్కటే అసలు సైటు. లాగిన్ అడగది, కార్డు నంబర్ అడగది. గూగుల్‌ల వెతికితే పైన వచ్చే యాడ్ మీద నొక్కకండి. 2022ల గింప్ పేరుతోనే నకిలీ సైటు ఒకటి గూగుల్ యాడ్‌ల కనబడ్డది, డౌన్‌లోడ్ చేస్తే వైరస్ వచ్చేది. అడ్రస్ మీరే టైప్ చేయండి. ఇప్పుడున్నది 3 వెర్షన్, 2025 మార్చిల వచ్చింది. దీనికి విండోస్ 10 గాని ఆపై గాని కావాలె. షాపుల ఇంకా విండోస్ 7 మీద నడిచే పాత కంప్యూటర్ ఉంటే 2.10 వెర్షన్ వేసుకోండి, ఈరోజు చూపించే టూల్స్ అన్నీ దాంట్ల కూడ ఉన్నయి.

ఫొటో ఓపెన్ చేసినంక మొట్టమొదటి పని: కుడి దిక్కు లేయర్స్ ప్యానెల్‌ల లేయర్ (అంటే ఫొటో ఉన్న పొర) పేరు చూడండి. లావు అక్షరాలల్ల ఉన్నదా? అంటే ఆ లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ లేదు, పారదర్శకం అనేదే దానికి తెలవది. ఫోన్‌తోని తీసిన జేపీజీ ఫొటోలన్నీ ఇట్లనే వస్తయి. ఈ స్థితిల మీరు సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే, టూల్‌బాక్స్‌ల బ్యాక్‌గ్రౌండ్ రంగు ఏదుంటే అది నిండుతది. మామూలుగ అది తెలుపే ఉంటది, కాబట్టి తెల్ల గోడ పోయి తెల్ల రంగు వస్తది, "డిలీట్ పని చేస్తలేదు" అనుకుంటరు. లేయర్ మెనూ, ట్రాన్స్‌పరెన్సీ, యాడ్ ఆల్ఫా ఛానెల్. అక్షరాలు సన్నగైతయి. ఇగ ముందుకు పోవచ్చు.

ఇప్పుడు టూల్స్. మొదటిది, అందరూ పట్టుకునేది ఫజ్జీ సెలెక్ట్, కీబోర్డ్‌ల యూ. క్లిక్ చేసిన చోట ఉన్న రంగు, దానికి ఆనుకొని ఉన్న అసొంటి రంగు, రెండూ పట్టుకుంటది. ఎంతవరకు అసొంటిది అనేది థ్రెషోల్డ్ చెప్తది, మామూలుగ 15 ఉంటది. మౌస్ నొక్కి పట్టి కిందికి గాని కుడికి గాని లాగితే ఆ నంబర్ పెరుగుకుంట సెలెక్షన్ పారుతది, చేతి కిందనే కనబడుతది. ముదురు ఎరుపు చీర, లేత గోడ అయితే ఈ టూలు నిమిషంల పని ముగిస్తది.

ఇది దెబ్బతినేది ఎక్కడంటే, గద్వాల చీరల. ఒంటి భాగం కాటన్, అంచు, కొంగు పట్టు. ఒళ్లు గోధుమ తెలుపులనో మీగడ రంగులనో ఉన్న చీరను సున్నం గోడ ముందర వేలాడదీసి తీసిండ్రు అనుకోండి. పట్టు అంచు దిక్కు సెలెక్షన్ గీత గీసినట్టు ఆగుతది. కాటన్ మడత గోడను తాకే చోటికి రాంగనే లోపలికి పారిపోతది. థ్రెషోల్డ్ తగ్గిస్తే గోడ మీద నీడలు మిగులుతయి, పెంచితే చీర పోతది. మధ్యల సరైన నంబర్ అంటూ ఏదీ ఉండది. అసొంటి ఫొటోకు ఈ టూలు వదిలేయండి, సమయం దండుగ.

దీని పక్కనే సెలెక్ట్ బై కలర్ ఉంటది, షిఫ్ట్ ఓ. మొదట చూపించిన బొక్కలు దీని పనే. ఇది ఆనుకొని ఉన్నదా లేదా చూడది. ఫొటో మొత్తంల ఆ రంగు ఎక్కడున్నా పట్టుకుంటది. తేలియా రుమాల్‌ల తెల్ల గళ్లు, పోచంపల్లి చీరల మధ్య తెల్ల పూలు, నారాయణపేట గళ్ల చీరల లేత గీతలు, అన్నీ బ్యాక్‌గ్రౌండే అనుకుంటది. ఇక్కత్ బట్టకు, అంటే నూలుకే ముందు రంగు అద్ది నేసే ఇసొంటి బట్టకు, ఈ టూలు వాడకండి, అంతే. ఫజ్జీ సెలెక్ట్‌తోని కూడ, తెల్ల పువ్వు సరిగ్గ అంచుకు ఆనుకొని ఉంటే అక్కడికెల్లి లోపలికి దూరుతది, అదొక్క చోటు చూసుకోవాలె.

మరి మడత పెట్టిన చీరకు ఏది? పాత్స్ టూల్, కీ బీ. నా లెక్కల గింప్‌ల ఈ పనికి దీన్ని మించింది లేదు. నేర్చుకునేటప్పుడు చేయి తిరగది, విసుగొస్తది, నిజమే. కాని రంగుతోని దీనికి సంబంధం లేదు. తెల్ల చీర తెల్ల గోడ మీదున్నా మీ కన్నుకు అంచు కనబడితే చాలు.

చూడండి, 200 శాతం జూమ్ చేసిన. తిన్నని అంచు దగ్గర ఒక క్లిక్, అంచు చివర ఇంకో క్లిక్, మధ్యల గీత వచ్చేసింది. మడత గుండ్రంగ తిరిగే చోట క్లిక్ చేసి వదలకుండ లాగాలె. చుక్కకు రెండు దిక్కుల చేతుల లెక్క చిన్న గీతలు వస్తయి, వాటిని తిప్పితే అంచు గీత వంగుతది. ఒక వంపుకు రెండు చుక్కలు చాలు. చాన మంది ఇరవై చుక్కలు పెడ్తరు, అప్పుడు అంచు గతుకుల రోడ్డు లెక్క వస్తది. ఇంకొకటి, చుక్క సరిగ్గ అంచు మీద పెట్టకండి, ఒకటి రెండు పిక్సెళ్లు చీర లోపలికి పెట్టండి. కెమెరాల అంచు పిక్సెల్ అంటే సగం చీర రంగు, సగం గోడ రంగు. దాన్ని కూడ తీసుకుంటే తర్వాత చుట్టూ తెల్ల గీత మిగులుతది. చుట్టూ తిరిగి వచ్చినంక కంట్రోల్ పట్టి మొదటి చుక్క మీద క్లిక్ చేస్తే పాత్ మూసుకుంటది. ఎంటర్ కొడితే సెలెక్షన్ అయితది. పాత్ ఎటూ పోదు, పాత్స్ ట్యాబ్‌ల ఉంటది, తప్పైతే మళ్ల సవరించుకోవచ్చు.

ఇగ కొంగు కుచ్చులు. పాత్స్‌తోని ఒక్కొక్క దారం చుట్టూ చుక్కలు పెట్టలేం. మనిషి జుట్టుది కూడ ఇదే బాధ. దీనికి ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ ఉన్నది: టూల్స్ మెనూ, సెలెక్షన్ టూల్స్‌ల దొరుకుతది. ముందు కుచ్చుల చుట్టూ దూరంగ ఒక చుట్టు గీసి ఎంటర్ కొట్టండి. బయట భాగం ముదురు నీలం, లోపల లేత నీలం అయితది. ఇప్పుడు బ్రష్‌తోని చీర భాగం మీద గీయండి. మొత్తం నింపే పని లేదు, ఉన్న రంగులన్నిటి మీదికెల్లి ఒక గీత పోతే చాలు. జరీ మీద ఒకటి, అంచు మీద ఒకటి, ఒంటి మీద ఒకటి. ఏ రంగును విడిచిపెడ్తరో అది బ్యాక్‌గ్రౌండ్‌ల కలుస్తది. తర్వాత డ్రా బ్యాక్‌గ్రౌండ్ పెట్టి కుచ్చుల నడుమ కనబడే గోడ మీద చిన్న చిన్న గీతలు. దారాల కొనలను ముట్టకండి, అవి లేత నీలంల ఉండనియ్యండి. అక్కడే అది లెక్క కట్టాలె. ప్రివ్యూ మాస్క్ నొక్కి చూడండి, నచ్చితే ఎంటర్.

ఇక్కడ ఇంజిన్ అని, అంటే లెక్క కట్టే పద్ధతులు, రెండుంటయి. మ్యాటింగ్ లెవిన్ నెమ్మది, కాని దారాలకు మంచిగ వస్తది. మ్యాటింగ్ గ్లోబల్‌ల లెక్క వేరే తీరుగ ఉంటది, మొదటిది నచ్చకపోతే అది పెట్టి చూడండి. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌ల 12 మెగాపిక్సెల్ ఫొటో పెడితే కంప్యూటర్ బిగుసుకుపోయినట్టు అనిపిస్తది. ముందే ఇమేజ్ మెనూల స్కేల్ ఇమేజ్ నొక్కి వెడల్పు 2000 పిక్సెళ్లకు తగ్గించండి. ఫోన్‌ల చూసేటోళ్లకు అది సరిపోను సైజే.

సెలెక్షన్ ఏ టూలుతోని వచ్చినా, తర్వాతి అడుగు ఒకటే. డిలీట్ కొట్టకండి. లేయర్ మీద రైట్ క్లిక్, యాడ్ లేయర్ మాస్క్, అందుల సెలెక్షన్ ఎంచుకొని యాడ్. ఫజ్జీ సెలెక్ట్‌తోని గోడను పట్టుకొని ఉంటే ముందు కంట్రోల్ ఐ కొట్టి తిప్పుకోండి, లేకపోతే చీర పోయి గోడ మిగులుతది. మాస్క్‌ల నలుపు ఉన్న చోట ఫొటో దాగుతది, తెలుపు ఉన్న చోట కనబడుతది. ఏదీ చెరిగిపోదు. ఒక మూల ఎక్కువ కోసిండ్రా? పీ కొట్టి బ్రష్ తీసుకోండి, డీ కొడితే నలుపు తెలుపు వస్తయి, ఎక్స్ కొడితే అవి అటిటు మారుతయి. తెలుపుతోని రుద్దితే చీర తిరిగొస్తది. బ్రష్ హార్డ్‌నెస్ 075 పెట్టుకోండి, మరీ మెత్తటిది అయితే అంచు పొగ లెక్క కనబడుతది.

రుద్దుతుంటే చీర మీదనే నల్ల మరక పడుతున్నదంటే మీరు మాస్క్ మీద లేరు, ఫొటో మీద ఉన్నరు. లేయర్స్‌ల రెండు చిన్న బొమ్మలుంటయి, తెల్ల చట్రం దేని చుట్టూ ఉన్నదో చూడండి, మాస్క్ బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేసి మొదలుపెట్టండి. కంట్రోల్ పట్టి మాస్క్ మీద నొక్కితే మాస్క్ ఆగి పాత ఫొటో కనబడుతది, చట్రం ఎర్రగైతది. ఏం కోసినమో పోల్చుకోను మంచి మార్గం.

ఇప్పుడు పరీక్ష. కింద కొత్త లేయర్ ఒకటి వేసి ముదురు ఆకుపచ్చ నింపండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద దాగిన లోపాలన్నీ ఇక్కడ బయటపడ్తయి. చూడండి, అంచు పొంటి సన్న తెల్ల గీత. మాస్క్ మీద ఉండి కలర్స్ మెనూల లెవెల్స్ తెరవండి, ఎడమ చివర నల్ల త్రికోణాన్ని మెల్లగ కుడికి జరపండి. అంచుల బూడిద రంగు నలుపైతది, గీత లోపలికి గుంజుకుంటది. కుచ్చుల దగ్గర మాత్రం జాగ్రత్త, ఎక్కువ జరిపితే దారాలు తెగిపోతయి. ముందు లాసో తోని కుచ్చులు కాని భాగం సెలెక్ట్ చేసుకొని ఆ భాగానికే లెవెల్స్ పెట్టడం మేలు.

ఒక మాట, ఇది అడగకున్నా చెప్పాలె. పోచంపల్లి డిజైన్‌ల పువ్వు అంచు చెదిరినట్టు ఉంటది. నూలుకే ముందు రంగు వేసి నేస్తరు కాబట్టి అట్ల వస్తది, అదే చేతి ఇక్కత్ గుర్తు. దాన్ని ఫోకస్ తప్పిందనుకొని షార్పెన్ ఫిల్టర్ కొట్టకండి. ప్రింటు బట్ట లెక్క కనబడుతది, నేసినోళ్ల కష్టానికి ధర తగ్గుతది.

నీడ పెట్టాలె, లేకపోతే చీర గాలిల తేలినట్టు ఉంటది. ఫిల్టర్స్, లైట్ అండ్ షాడో, డ్రాప్ షాడో. దీన్ని మాస్క్ ఉన్న లేయర్ మీద నేరుగ వేస్తే నీడ బయటికి రాదు, మాస్కే దాన్ని కోసేస్తది. అందుకే లేయర్‌ను డూప్లికేట్ చేసి, పై కాపీ మీద రైట్ క్లిక్ చేసి అప్లై లేయర్ మాస్క్ కొట్టి, అసలుదాని కన్ను గుర్తు ఆపి, కాపీకి నీడ వేయండి. బ్లర్ జర పెంచి ఒపాసిటీ (నీడ చిక్కదనం) 0.5 కన్న తగ్గిస్తే సహజంగ ఉంటది.

అమెజాన్ల అమ్మాలంటే మొదటి ఫొటోకు వెనుక అచ్చ తెలుపే అడుగుతరు, 255, 255, 255. రంగు డబ్బాల ఆరు ఎఫ్‌లు కొడితే అదే వస్తది. పొడుగు దిక్కు 1000 పిక్సెళ్లకు తక్కువుంటే జూమ్ పని చేయది.

మనుషుల ఫొటోలకు కూడ ఇదే పద్ధతి. షాపుల పాస్‌పోర్ట్ సైజు అంటే 35 బై 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐకి 413 బై 531 పిక్సెళ్లు, 4 బై 6 కాగితం మీద ఎనిమిది పడ్తయి. కాని నిజంగ పాస్‌పోర్ట్ అప్లికేషన్‌కే అయితే మాత్రం కంప్యూటర్‌ల మార్చిన ఫొటో ఒప్పుకోరు, తెల్ల గోడ ముందర నిలబెట్టి తీయండి.

విండోస్ 11 పెయింట్‌ల రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ బటన్ ఉన్నది కదా, ఒక్క నొక్కుడుతోని అయితది కదా అంటరు. స్టేటస్ పెట్టను, పుట్టినరోజు ఫ్లెక్సీల మనిషి బొమ్మకు చాలు. కుచ్చుల కాడ, తెల్ల కాటన్ కాడ అది ఏది ఉంచుతదో ఏది కోస్తదో మన చేతుల ఉండది, సవరించను మాస్క్ కూడ ఇయ్యది. ఆన్‌లైన్ సైట్లు చాన వరకు ఫ్రీగ చిన్న సైజు ఇచ్చి పెద్దదానికి పైసలు అడుగుతయి. గింప్‌ల మీ ఫొటో ఎంత సైజుంటే అంత సైజు వస్తది, ఫొటో మీ కంప్యూటర్ దాటి పోదు. నేర్చుకోను వారం పడుతది, అదే దీని ఖరీదు. అమ్మకానికి చీరలు తీసేటోళ్లకు నేను గింపే చెప్త.

సగం పని ఫొటో తీసేటప్పుడే తగ్గించుకోవచ్చు. లేత చీరకు ముదురు దుప్పటి, ముదురు చీరకు లేత దుప్పటి, చీరల లేని రంగు. గోడకు మీటరు దూరంగ దండెం కట్టి వేయండి, నీడ గోడ మీద పడది. పొద్దున పందిరి కింద వెలుతురు చాలు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు మారుతది, చీర చేతికొచ్చినంక కొన్నోళ్లు వాపస్ పంపుతరు.

చివరికి సేవ్. కంట్రోల్ ఎస్ కొడితే ఎక్స్‌సీఎఫ్ ఫైలు అయితది, అది గింప్‌ల తప్ప ఫోన్‌ల తెరుచుకోదు. పారేయకండి, మాస్కు, పాత్ దాంట్లనే ఉంటయి. పంపేదానికి కంట్రోల్ షిఫ్ట్ ఈ కొట్టి పేరు చివర పీఎన్‌జీ పెట్టండి. జేపీజీ పెడితే పారదర్శకం పోయి వెనుక రంగు నిండుతది. ఫ్లెక్సీ షాపుకు వాట్సాప్‌ల పంపేటప్పుడు ఫొటో లెక్క పంపితే వాట్సాప్ దాన్ని కుదించి జేపీజీ చేస్తది, అక్కడ తెరిస్తే వెనుక తెల్లగనో నల్లగనో కనబడుతది. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ ఎంచుకొని పంపండి, పీఎన్‌జీ ఉన్నది ఉన్నట్టు చేరుతది.