వాళ్లకు పరుగు, మనకు నడక

సభకు వచ్చిన మాస్టార్లకు, అనువాదం నేర్చుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

ఇంగ్లిషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే, ఏదో నోరు తిరగని పెద్ద మాటే అయి ఉంటుందని అనుకుంటాం. కాదు, ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిన 'రన్'. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కొత్త కూర్పు కోసం లెక్క తేల్చినప్పుడు, క్రియగా మాత్రమే దీనికి 645 అర్థాలు వచ్చాయి. ఆ సంగతి 2011లో బయటికొచ్చింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశారు. అంతకుముందు, 1989 నాటి 20 సంపుటాల కూర్పులో మొదటి స్థానం 'సెట్'ది. దానికి 430 అర్థాలు.

645 అనగానే టెన్షన్ పడకండి. నిఘంటువు వాళ్ల లెక్క వేరు. గుర్రం పరిగెత్తితే ఒక అర్థం, గుర్రాన్ని పరిగెత్తిస్తే ఇంకొకటి, పందెంలో పరిగెత్తిస్తే మరొకటి. మామూలు ఇంగ్లిషువాడి బుర్రలో ఇన్ని ముక్కలు ఉండవు. ఆగకుండా సాగిపోవడం అనే ఒక్క ఊహ ఉంటుంది. కుళాయిలో నీళ్లు రావడం, జలుబుకి ముక్కు కారడం, ఉతికితే బట్ట రంగు దిగడం, రోడ్డు చెరువు పక్కగా పోవడం, సినిమా వంద రోజులు ఆడడం, నాయకుడి మీద పత్రికలో వ్యాసం రావడం, అన్నిటికీ వాళ్లకు 'రన్' చాలు. మనకు మాత్రం రావాలి, కారాలి, దిగాలి, పోవాలి, ఆడాలి. ఇంట్లో చక్కెర నిండుకున్నా వాళ్లు 'రన్ అవుట్' అనే అంటారు. అది క్రికెట్ రనౌట్ కాదని సందర్భమే చెప్పాలి.

అనువాదకుడికి నిజంగా పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. వాళ్లు పరిగెత్తించేవాటిలో సగం మన దగ్గర నడుస్తాయి. గడియారం నడుస్తుంది. బస్సు నడుస్తుంది. కేసు నడుస్తుంది. ఒకాయన హోటల్ నడుపుతాడు, ఒకావిడ బడి నడుపుతుంది, వెనకటికి నష్టాలొచ్చినా పత్రికలు నడిపినవాళ్లున్నారు. ఆఖరికి గంటకు నూటముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే రైలు కూడా 'సికింద్రాబాద్ నుంచి నడుస్తుంది'! హిందీదీ ఇదే దారి, 'చల్నా'తో దుకాణాలూ గడియారాలూ నడిపిస్తుంది. పక్కనున్న తమిళం మాత్రం ఇంగ్లిషు వైపు. వాళ్లకు సినిమా 'ఓడు'తుంది, అంటే పరిగెడుతుంది. తెలుగుకి పరుగు తెలియక కాదు. 'పారు' అనే మన పాత క్రియ అటు నీటికీ ఇటు మనిషికీ పనికొచ్చేది. ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు. ఆ క్రియ అక్కడితో ఆగింది, యంత్రాల దాకా రాలేదు.

తనంతట తాను పరిగెత్తడం, ఇంకొకదాన్ని పరిగెత్తించడం, ఈ రెంటికీ ఒకటే 'రన్' ఎలా వచ్చిందని మీకు అనుమానం రావాలి. పాత ఇంగ్లిషులో అవి రెండు వేరు వేరు క్రియలు. మనకు నడుచు, నడుపు ఉన్నట్టే. స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ల మాటలు కూడా తోడై, కాలక్రమంలో రూపాలు కలగాపులగమై ఒక్కటే మిగిలింది. ఇంజిన్లు, మిల్లులు, ఫ్యాక్టరీలు వచ్చేసరికి ఇలా రెండు పనులూ చేసే మాట చేతికి సిద్ధంగా దొరికింది. ఇంజిన్ రన్ అవుతుంది, మేస్త్రీ దాన్ని రన్ చేస్తాడు. తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు ఆ వాడుకనే అందుకున్నాయి. మాదాపూర్ ఆఫీసుల్లో ఎవరూ 'కోడ్ అమలు చేశాను' అనరు, 'రన్ చేశాను' అంటారు. అనువాదం పేరుతో దాన్ని మార్చబోవడం వృథా ప్రయాస అని నా ఉద్దేశం.

ఎన్నికల విషయంలో ఇంగ్లిషువాళ్లలోనే రెండు పక్షాలు. అమెరికాలో అభ్యర్థి పరిగెడతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మన 'ఎలక్షన్లో నిలబడ్డాడు' బ్రిటిష్ పద్ధతికి సరిపోయింది. అమెరికాలోని మనవాళ్లు 'సిటీ కౌన్సిల్‌కి రన్ చేస్తున్నాడు' అంటే ఇక్కడి పెద్దవాళ్లకు ఒక క్షణం అయోమయంగా ఉంటుంది.

క్రికెట్‌ది తమాషా కథ. తొలి రోజుల్లో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి లెక్కించేవారు, అందుకే పరుగులను గాట్లు అనేవారు కూడా. ఆ మాట పోయి 'రన్' నిలిచింది. దాన్ని మనం మక్కికి మక్కి 'పరుగు' చేసుకున్నాం. బంతి నేల తాకకుండా తాడు దాటితే బ్యాటర్ ఉన్నచోట నుంచి కదలకుండానే ఆరు పరుగులు చేసినట్టు. మనకు అది వింతగా కూడా అనిపించదు.

అనువదించకుండా ఉంచేసుకున్నవీ చాలానే ఉన్నాయి. క్లాసులో రాసుకునే రన్నింగ్ నోట్స్, ఎక్కొద్దని హెచ్చరించే రన్నింగ్ బస్సు, గ్రానైట్ పనివాళ్లు కొలిచే రన్నింగ్ ఫీట్, మెట్రోకి ట్రయల్ రన్. వీటికి అచ్చ తెలుగు వెతికే తీరిక ఎవరికుంది?

పేచీ అంతా 'బ్యాంక్ రన్' లాంటి వాటితోనే. ఖాతాదారులకు భయం పట్టి, అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి తీసుకోవడం. 2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం బారులు తీరారు. 'బ్యాంకుకు పరుగు' అని రాస్తే, చెక్కు వేయడానికి ఆలస్యమై పరిగెత్తినట్టుంటుంది. 'డబ్బు కోసం బ్యాంకు మీద ఎగబడ్డారు' అంటే సరిపోతుందని చాలాకాలం అనుకునేవాళ్లం. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి జనం ప్రయత్నించారు. ఎక్కువమంది ఫోన్లు, కంప్యూటర్ల నుంచే పని కానిచ్చారు. కూర్చున్నచోట నుంచి కదలనివాళ్లను 'ఎగబడ్డారు' అనలేం. 'డిపాజిట్లు ఒక్కసారిగా ఖాళీ' అని నేను రాస్తాను. భయం సంగతి శీర్షికలో పట్టదు, మొదటి వాక్యంలో చెప్పుకోవాలి. ఇంతకంటే మంచిది మీలో ఎవరికైనా తోచిందా? చేతులెత్తండి, వెనక వరస నుంచి మొదలుపెడదాం.