కోడు తప్పా, తీగ తప్పా?

శ్రోతలకు నమస్కారం.

రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసేవాళ్ళలో చాలామందికి ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలన్న సరదా ఉంటుంది. ప్రోగ్రాము ఎక్కించి నడిపించే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి కొంటారు. ఒక ఎల్ఈడీ వెలిగించి ఆర్పుతారు. ఆ తర్వాత ఏం చేయాలో తోచదు, బోర్డు అలమారలోకి చేరుతుంది. అలా కాకుండా ఇంటికి పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేద్దామని పట్టు పడితే, కావలసిన విద్య ఆ పని వెంటే వస్తుంది. మన ఇళ్ళలో అలాంటి పనికి కొదవ లేదు. మేడమీద నీళ్ళ ట్యాంకునే తీసుకోండి. మోటారు వేసి మరిచిపోతాం, ట్యాంకు పొర్లి గోడ వెంట నీళ్ళు కారతాయి, పక్కింటివాళ్ళు కేకేస్తే గానీ తెలియదు. ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపించి, నిండగానే మోగే పరికరం ఎలా చేయాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట. ప్రోగ్రాములో తప్పుంటే కంపైలరు చెబుతుంది, ఫలానా లైనులో అని కూడా చెబుతుంది. తీగ పక్క రంధ్రంలో గుచ్చితే చెప్పే నాథుడు ఉండడు. అలవాటు కొద్దీ మళ్ళీ మళ్ళీ కోడే తిరగేస్తారు. అందుకే సామాన్లలో అన్నిటికంటే ముందు కొనాల్సింది వోల్టేజి, రెసిస్టెన్సు కొలిచే మల్టీమీటరు. కొన్ని వందల రూపాయల్లో దొరికే చిన్న మీటరు చాలు. దాని నల్ల తీగ కామన్ అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో పెట్టండి. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రంలో ఎర్ర తీగ ఉంచి వోల్టేజి కొలవబోతే నేరుగా షార్ట్ సర్క్యూట్ చేసినట్టే, జాగ్రత్త.

మిగతా సరుకు ఇదీ: ఆర్డుయినో యునో బోర్డు ఒకటి, టంకం లేకుండా భాగాలు గుచ్చి కలిపే 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, 220 ఓములవి, 1 కిలో ఓమువి, 4.7 కిలో ఓములవి కరెంటుని అదుపుచేసే రెసిస్టర్లు పదేసి, 100 నానో ఫారడ్ల కెపాసిటరు ఒకటి, నాలుగు ఎల్ఈడీలు, 5 వోల్టుల బజరు, ఒక ఫ్లోట్ స్విచ్చి, ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. మిగతా ఊళ్ళవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. యూఎస్‌బీ కేబులు మాత్రం చూసి తీసుకోండి. కొన్ని కేబుళ్ళలో ఛార్జింగుకి కావలసిన రెండు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ కంప్యూటరుకి బోర్డే కనిపించదు. కేబులు మార్చినా కనిపించకపోతే బోర్డు మీద సీహెచ్340 అనే చిప్పు ఉందేమో చూసి, దాని డ్రైవరు వేసుకోండి. చవక బోర్డుల్లో ఎక్కువగా ఉండేది అదే.

బ్రెడ్‌బోర్డులో అడ్డంగా ఉండే ఐదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. అంచుల వెంట నిలువుగా పోయే ఎర్ర, నీలి గీతల వరసలు కరెంటుకి. కొన్ని బోర్డుల్లో ఆ నిలువు వరస సగంలో తెగి ఉంటుంది. పై సగంలో 5 వోల్టులు ఉండి కింది సగంలో ఏమీ ఉండదు. మీటరుని బీప్ వచ్చే చోటికి తిప్పి, రెండు కొసలా పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు ఎల్ఈడీ. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. 5లోంచి 2 తీస్తే 3 వోల్టులు మిగిలాయి. ఎల్ఈడీకి వరసగా 220 ఓముల రెసిస్టరు పెట్టి, ఆ 3ని 220తో భాగిస్తే 13, 14 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. యునో బోర్డులో ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవడం క్షేమం, 40 దాటితే పిన్ను పోయే ప్రమాదం ఉంది. రెసిస్టరు లేకుండా కలిపినా ఎల్ఈడీ వెలుగుతుంది కాబట్టి చాలామంది ఫరవాలేదనుకుంటారు. అది నిజం కాదు, లోపల పిన్ను దెబ్బతింటూ ఉంటుంది. 220 ఓముల రెసిస్టరు మీద ఎరుపు, ఎరుపు, గోధుమ రంగు గీతలుంటాయి. రంగుల మీద అనుమానమొస్తే మీటరుతో కొలవండి.

తర్వాత ఫ్లోట్ స్విచ్చి. ట్యాంకులో నీళ్ళు పైకొచ్చినప్పుడు తేలే బెండు లాంటిది పైకి లేస్తుంది, దానిలోని అయస్కాంతం లోపలి స్విచ్చిని కలుపుతుంది. ఒక తీగ గ్రౌండుకి, అంటే మైనస్‌కి, ఒక తీగ బోర్డు పిన్నుకి. ఇక్కడ ప్రోగ్రామర్లకి కొత్తగా తోచే సంగతి ఒకటుంది. స్విచ్చి తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ను విలువ సున్నా కాదు, ఒకటీ కాదు. దేనికీ అంటకుండా గాలిలో ఉన్న పిన్ను చుట్టుపక్కల కరెంటు తీగల ప్రభావానికి తోచినట్టు మారుతుంది. చెయ్యి దగ్గరికి తెచ్చినా మారుతుంది. అందుకని దాన్ని ఒక రెసిస్టరు ద్వారా 5 వోల్టులకి కట్టి ఉంచాలి. యునోలో ఆ పుల్అప్ రెసిస్టరు లోపలే ఉంది, కోడులో పిన్ను రకాన్ని ఇన్‌పుట్ పుల్అప్ అని రాస్తే చాలు. కానీ అది 20 నుంచి 50 కిలో ఓములు, అంటే బలహీనమైనది. టేబులు మీద బాగానే పనిచేస్తుంది. మేడమీంచి వంటింటికి పదిహేను మీటర్ల తీగ లాగి, పక్కనే మోటారు తీగ ఉంటే మాత్రం మోటారు వేసిన ప్రతిసారీ ట్యాంకు నిండినట్టు బజరు మోగుతుంది. బయట 4.7 కిలో ఓముల రెసిస్టరు 5 వోల్టులకి, 100 నానో ఫారడ్ల కెపాసిటరు పిన్నుకీ గ్రౌండుకీ మధ్య పెడితే ఆ గోల తగ్గుతుంది. నీళ్ళు అలలుగా కదిలేటప్పుడు స్విచ్చి కలుస్తూ విడిపోతూ ఉంటుంది కాబట్టి, రెండు సెకన్లు వరసగా కలిసి ఉంటేనే నిండినట్టు లెక్కవేయమని కోడులో రాయండి.

సమయం మాట వచ్చింది కాబట్టి, పెద్ద కంప్యూటర్లకి అలవాటుపడ్డవాళ్ళు బోల్తాపడే చోటు చెబుతాను. యునోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్పుకి ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు ఉంటాయి. మెగాబైట్లు కాదు. ఇంట్ అనే సంఖ్య ఇక్కడ 16 బిట్లే, 32,767 దాటదు. నిమిషం ఆగాలని 60 ఇంటూ 1000 అని రాస్తే 60,000 రాదు, మైనస్ 5,536 వస్తుంది. అంకె చివర యూఎల్ అని చేర్చి 60యూఎల్ ఇంటూ 1000 అని రాయాలి. మిల్లీ సెకన్లు లెక్కపెట్టే మిల్లీస్ అనే గడియారం కూడా దాదాపు 49.7 రోజులకి మళ్ళీ సున్నాకి వస్తుంది. ఇప్పటి సమయంలోంచి మొదలుపెట్టిన సమయాన్ని తీసివేసి, ఆ తేడాని పోల్చితే ఏ ఇబ్బందీ లేదు. మొదలుపెట్టిన సమయానికి ఆగాల్సిన సమయం కలిపి, ఫలానా సమయం దాటిందా అని పోల్చితే యాభయ్యో రోజున పరికరం తికమక పడుతుంది. సీరియల్‌లో అచ్చువేసే పొడుగాటి వాక్యాలు ర్యామ్‌ని తినేస్తాయి, వాటిని ఫ్లాష్‌లోనే ఉంచే ఎఫ్ మాక్రోలో పెట్టండి.

నీళ్ళ మట్టం కొలవడానికి అల్ట్రాసోనిక్ సెన్సరు. హెచ్‌సీ ఎస్ఆర్04 చవక, నేర్చుకోవడానికి చక్కగా ఉంటుంది. ట్యాంకు లోపల చెమ్మకి మాత్రం ఎక్కువ కాలం నిలవదు. అక్కడికి తడి తగలనివ్వని జేఎస్ఎన్ ఎస్ఆర్04టీ తీసుకోండి. దీనికి ఒక పరిమితి ఉంది. 20, 25 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని సరిగా కొలవలేదు. కాబట్టి ట్యాంకు పూర్తిగా నిండినా నీళ్ళకీ సెన్సరుకీ మధ్య అంత ఎడం ఉండేట్టు మూత మీద కాస్త ఎత్తున బిగించాలి. నీళ్ళు పడే గొట్టానికీ గోడకీ దూరంగా పెట్టాలి.

సెన్సరుకున్న ట్రిగ్గర్ పిన్నుని 10 మైక్రో సెకన్లు పైకెత్తి, అంటే దానికి వోల్టేజి ఇచ్చి, దించితే సెన్సరు శబ్దం పంపుతుంది. అది నీళ్ళని తాకి తిరిగొచ్చేదాకా ఎకో పిన్ను పైన ఉంటుంది. మైక్రో సెకన్లలో ఆ కాలాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. సెన్సరు నుంచి ట్యాంకు అడుగు దాకా ఉన్న దూరంలోంచి దాన్ని తీసివేస్తే నీళ్ళ లోతు. అయితే ఆ 58 అనేది 20 డిగ్రీల గాలికి సరిపోయే లెక్క. మే నెల ఎండకి మన ట్యాంకుల్లో గాలి 40 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అప్పుడు శబ్దం సెకనుకి 343 మీటర్లకి బదులు 355 మీటర్లు పోతుంది. 120 సెంటీమీటర్ల దూరాన్ని మీ పరికరం 116 అని చూపిస్తుంది. ఎండాకాలానికి 56తో భాగించండి, లేదా డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి లెక్క సవరించండి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఎకో పిన్ను పైన ఉన్న కాలాన్ని కొలిచే పల్స్ఇన్ ఫంక్షను, ఇచ్చిన గడువులోగా పిన్ను పైకి లేచి దిగకపోతే సున్నా ఇస్తుంది. దాన్ని అలాగే లెక్కలో పెడితే దూరం సున్నా, అంటే ట్యాంకు నిండిపోయింది అని అర్థమొస్తుంది. తీగ ఊడిపోయినా నిండిపోయినట్టే చూపిస్తుంది. సున్నా వస్తే కొలత చెల్లలేదని పక్కన పెట్టాలి, పదిసార్లు వరసగా సున్నా వస్తే సెన్సరు చెడిందని వేరే లైటు వెలిగించాలి. కొలతకీ కొలతకీ మధ్య 60 మిల్లీ సెకన్లు ఆగండి. ఐదు కొలతలు తీసి వరసలో పేర్చి నడిమిది తీసుకోండి. సగటు తీస్తే ఒక్క తప్పు కొలత మొత్తాన్ని లాగేస్తుంది.

ఫోనులో చూసుకోవాలంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుకి మారాలి. దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తట్టుకోవు. సెన్సరుకి 5 వోల్టులిస్తే ఎకో తీగలో 5 వోల్టులే వస్తాయి. ఎకో నుంచి 1 కిలో ఓము రెసిస్టరు పిన్నుకి, పిన్ను నుంచి రెండు 1 కిలో ఓములు వరసగా గ్రౌండుకి పెడితే పిన్ను దగ్గర 3.3 వోల్టులే మిగులుతాయి. ఫ్లోట్ స్విచ్చి పుల్అప్‌ని కూడా 3.3 వోల్టులకే కట్టండి. 34 నుంచి 39 దాకా ఉన్న పిన్నుల్లో లోపలి పుల్అప్ ఉండదు. 12వ పిన్నుకి ఏదైనా కలిపి, అది ఆన్ చేసే క్షణంలో పైన ఉంటే బోర్డు లేవదు.

వైఫై పనిచేసే క్షణాల్లో ఈఎస్‌పీ32 200 మిల్లీ ఆంపియర్లకి పైగా లాగుతుంది. సన్నటి పొడుగాటి తీగతో కరెంటు ఇస్తే వోల్టేజి ఆ క్షణం పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. సీరియల్ తెరమీద బ్రౌన్అవుట్ అని కనిపిస్తే కోడు ముట్టుకోకండి, తప్పు కరెంటుది. మంచి 5 వోల్టుల మొబైల్ ఛార్జరు పెట్టి, బోర్డు దగ్గరే 470 మైక్రో ఫారడ్ల కెపాసిటరు కలపండి. దాని ఒంటిమీద చార ఉన్న వైపు కాలు మైనస్. తిరగేసి పెడితే పేలుతుంది. సెన్సరుకి ఒక ఛార్జరు, బోర్డుకి ఇంకొకటి పెడితే రెండింటి గ్రౌండు తీగలూ కలపడం మరిచిపోకండి. కలపకపోతే కొలతలకి అర్థమే ఉండదు.

చివరగా మోటారు. పరికరమే మోటారు ఆపాలని ఎవరికైనా అనిపిస్తుంది. బోర్డు చెబితే పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చి రిలే. చిన్న నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు లాగేది అంతకంటే తక్కువే. కానీ మొదలయ్యే క్షణంలో దానికి చాలా రెట్లు లాగుతుంది. ఆ వేడికి రిలే లోపలి మొనలు అతుక్కుపోతే, ఆపమని కోడు ఎంత చెప్పినా మోటారు ఆగదు. రిలేతో, మోటార్ల కోసమే చేసిన పెద్ద స్విచ్చి అయిన కాంటాక్టరుని మాత్రమే నడిపించి, మోటారుని కాంటాక్టరుకి కలపాలి. 230 వోల్టుల పని ఎలక్ట్రీషియను చేతే చేయించండి. రిలే మాడ్యూళ్ళు చాలావరకు పిన్ను కిందికి దిగితే పనిచేసే రకం. అందుకని కోడులో ముందు ఆ పిన్నుని హై చేసి, తర్వాతే అవుట్‌పుట్‌గా ప్రకటించాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటారు ఒక్క క్షణం ఉలిక్కిపడుతుంది.

మొదటి రెండు వారాలు మోటారు జోలికి పోకుండా బజరుతోనే నడపండి. రోజూ ఒకసారి పొడుగాటి కర్ర ట్యాంకులో ముంచి, తడిసిన మేర టేపుతో కొలిచి, పరికరం చూపే అంకె పక్కన రాసుకోండి. రెండింటి మధ్య తేడా 3 సెంటీమీటర్ల లోపు నిలబడ్డాకే కాంటాక్టరు కలపండి. మోటారు మీ ట్యాంకు నింపడానికి మామూలుగా పట్టే సమయానికి ఓ పది నిమిషాలు కలిపి, అంతకు మించి నడిస్తే సెన్సరు ఏం చెప్పినా ఆగిపోయేట్టు కోడులో రాయండి.