రంగం ఓడలెక్కిన రేవు: గోపాల్‌పూర్‌లో మేమిద్దరం

అందరికీ నమస్కారం. మా శాన్‌ఫ్రాన్సిస్కో వీడియోలు చూసి, కొండలూ సముద్రమూ కలిసి కనిపించే ఊరు మన వైపు కూడా చూపించమని చాలామంది అడిగారు. విశాఖ మీకు తెలిసిందే. అందుకే మా అత్తవారి ఊరు బరంపురం నుంచి ఆటోలో గోపాల్‌పూర్ వచ్చేశాం. దూరం పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

ఇది ఒడిశాలోని గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం బజారులో ఒడియాలో మొదలైన బేరం తెలుగులో తెగడం ఇప్పటికీ మామూలే. వి.వి. గిరి గారు పుట్టిన ఊరు అది!

పడమటి వైపు చూడండి, దూరాన నీలంగా తూర్పు కనుమలు. ఇటు బంగాళాఖాతం. మధ్యలో ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు, లైట్‌హౌస్. గవ్వల దుకాణాలు ప్రతి తీరంలోనూ ఉంటాయి, వాటి దగ్గర ఆగను. నన్ను ఆపింది పాత రేవు తాలూకు ఈ శిథిల గోడలు. ఒకప్పుడు బర్మాతో వర్తకం ఇక్కడి నుంచి కూడా సాగేది. మన వాళ్లు ఎంతోమంది పొట్ట చేతపట్టుకుని ఇక్కడే ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లారు. మా వారి ముత్తాత కూడా వాళ్లలో ఒకరు. 1942లో రంగూన్ జపాను వశం కావడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి.

అసలు విషయం ఏమిటంటే, ఆ ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. లోతు నీళ్లలో లంగరు వేసేవి. మనుషుల్నీ మూటల్నీ అలలు దాటించి ఓడ దాకా చేర్చింది మన తెలుగు బెస్తవారి పడవలే. ఇక్కడ వాళ్లను నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా.

ఇదిగో, అలాంటి పడవ. దగ్గరగా చూడండి, చెక్కకూ చెక్కకూ మధ్య ఒక్క మేకు లేదు! అంచుల వెంట కన్నాలు చేసి, సందుల్లో గడ్డి కూరి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేశారు. పక్కనే వల బాగుచేసుకుంటున్న తాతగారిని మా వారు అడిగారు.

"మేకులు ఎందుకు కొట్టరు తాతా?"

"మేకు కొడితే పడవ బిగుసుకుపోతుంది బాబూ. అల వచ్చి కొడితే పగులుతుంది. కుట్టిన పడవైతే అలతోపాటు వంగుతుంది."

ఇప్పుడు చాలావరకు మోటారు బిగించిన ఫైబర్ పడవలే. ఈ కుట్టుపని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయని ఆయన చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. గోపాల్‌పూర్ వస్తే సముద్రంతో ఫొటోలు దిగి వెళ్లిపోకండి. ఈ పడవల దగ్గర కాసేపు నిలబడండి, వీళ్లతో తెలుగులో మాట్లాడండి.

నీళ్లలో దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా పసిఫిక్‌లా చల్లగా ఉండవు కానీ, లాగుడు ఎక్కువ.

రేపు ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండ. రోప్‌వే ఉన్నా, 999 మెట్లూ ఎక్కే వస్తానని మా అత్తగారు ఇప్పటికే చెప్పేశారు.