విమానం ఒంటి మీద తెలుగు అక్షరం: ఇంక్‌స్కేప్‌లో ‘గోదావరి’ రాద్దాం

[తెర: రంగులేమీ లేని తెల్లటి ఏ320, పక్క నుంచి. ముక్కు ఎడమవైపు ఉంది. మెల్లగా తిరుగుతోంది.]

అందరికీ నమస్కారమండి. ఈ వీడియోలో మన పని ఒక్కటే. తెల్లగా ఉన్న ఈ ఎయిర్‌బస్ ఏ320 మీద ‘గోదావరి’ అని తెలుగులో పెద్దగా రాయాలి. కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్‌లోకి ఎక్కించి చూస్తే అది నిజంగా పెయింట్ వేసినట్టే ఉండాలి. వాడేది ఇంక్‌స్కేప్. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. తెలుగు ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా చూపిస్తుంది.

విమానం మీద అక్షరాలు అనగానే ఏ ఫాంట్ బాగుంటుందా అని వెతకడం మొదలుపెడతాం. అంతకంటే ముందు తేలాల్సింది వేరే ఉంది. ఆ అక్షరం కూర్చునేది దాదాపు నాలుగు మీటర్ల వెడల్పున్న గొట్టం మీద. పైగా దాని నడుము పొడుగునా కిటికీలు. గొట్టం వంపునీ కిటికీల వరసనీ పట్టించుకోకపోతే ఎంత అందమైన ఫాంట్ పెట్టినా స్టిక్కర్ అంటించినట్టే కనిపిస్తుంది. ఈ వీడియోలో ఎక్కువ సేపు నేను మాట్లాడేది ఈ రెండింటి గురించే.

[తెర: ఇంక్‌స్కేప్ కొత్త పేజీ. డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఉంది.]

ముందు కొలత. యూనిట్ మిల్లీమీటర్లలో పెట్టండి. విమానం మీద ఒక మీటరు, మన పేజీలో ఒక సెంటీమీటరు. ఏ320 పొడవు 37.57 మీటర్లు కాబట్టి బొమ్మ 375.7 మిల్లీమీటర్లు వస్తుంది. సిమ్యులేటర్‌లోని విమానం మోడల్‌తో పాటు వచ్చే పెయింట్ కిట్ బొమ్మని (రంగులు వేసుకోవడానికి ఇచ్చే ఖాళీ బొమ్మ) ఇంపోర్ట్ చేసి, ముక్కు నుంచి తోక దాకా ఆ కొలతకి సాగదీసి, లేయర్‌కి తాళం వేసేయండి.

ఇప్పుడొక చిన్న లెక్క. మోడల్‌లో విమానం పొడవంతా 4096 పిక్సెళ్లలో పరిచారనుకుందాం. మీటరుకి 109 పిక్సెళ్లు, అంటే సుమారుగా సెంటీమీటరుకి ఒకటి. ఇది గుర్తుంటే చాలా ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. విమానం కొలతలో సెంటీమీటరు మందం గీత గీశారంటే అది ఒకే ఒక్క పిక్సెల్. రెండు మూడు సెంటీమీటర్ల కంటే సన్నగా ఏది గీసినా సిమ్యులేటర్‌లో నాలుగడుగులు వెనక్కి జరగ్గానే మాయమవుతుంది. కొన్ని మోడళ్లలో ఒంటిని రెండు మూడు ముక్కలుగా విడదీసి పరుస్తారు. వాటిలో మీటరుకి ఇంకా ఎక్కువ పిక్సెళ్లు దొరుకుతాయి. మీ మోడల్‌కి ఈ లెక్క మొదట్లోనే వేసుకోండి.

[తెర: కిటికీల వరస దగ్గరగా. దాని మీదుగా ‘గోదావరి’ అని పెద్దగా పడుతుంది.]

ఇక కిటికీలు. ఏ320లో కిటికీకీ కిటికీకీ మధ్య దూరం 53 సెంటీమీటర్లు. ఇంగ్లీషు పేర్లని చాలా సంస్థలు కిటికీల మీదుగానే పెద్దగా రాయిస్తాయి. 1980లలో అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ ఒంటి నిండా పేరు రాయించుకుంది. నిలువు గీతలతో కట్టిన ఆ అక్షరాల్లో కిటికీ పడ్డా పేరు చదవడానికి ఏమీ కాదు. తెలుగుతో అలా కుదరదు. తెర మీద చూడండి. ‘ద’ పక్కన ఖాళీలో గుండ్రటి కిటికీ ఒకటి పడింది. కన్ను దాన్ని కిటికీ అనుకోవడం లేదు, సున్నా అనుకుంటోంది. ‘వ’ పక్కన పడ్డదీ అంతే. అక్షరాలే గుండ్రంగా ఉన్న లిపిలో గుండ్రటి కన్నం పడితే అదీ అక్షరంలో కలిసిపోతుంది. అందుకని నా మాట ఏంటంటే, తెలుగు పేరుని కిటికీల పైనే ఉంచండి.

కిటికీలనే అలంకారంగా మార్చుకోవడం వేరే దారి. 1971లో బోయింగ్ 747 వచ్చినప్పుడు ఎయిర్ ఇండియా ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి ఝరోకా (రాజభవనాల కిటికీ ఆకారం) గీయించింది, చూసే ఉంటారు. ఆ దారి ఎంచుకున్నా పేరు మాత్రం వాటికి పైనే ఉండాలి.

పైన పెట్టాలంటే ఏ పేరు ఎంచుకున్నామన్నదీ ముఖ్యమే. ‘గోదావరి’లో ఒక్క ఒత్తు కూడా లేదు. నాలుగక్షరాలూ ఒకే గీత మీద కుదురుగా కూర్చుంటాయి. అదే ‘కృష్ణ’ అని రాస్తే? క పక్కన సుడి కిందికి దిగుతుంది, ష కింద ణ ఒత్తు వేలాడుతుంది. ఆ ఒత్తు కోసం అక్షరాలన్నిటినీ పైకి జరపాలి, లేదా మొత్తం పేరునే చిన్నది చేయాలి. కృష్ణ రాయొద్దని కాదు. రాసేటప్పుడు కొలత అక్షరం అడుగు నుంచి కాకుండా ఒత్తు అడుగు నుంచి మొదలుపెట్టండి.

పేరు ముందు తలుపు దాటాక మొదలై, రెక్క రాకముందే అయిపోవాలి. తలుపు మీదుగా అక్షరం వెళ్లినా నేరమేమీ కాదు గానీ, తలుపుల చుట్టూ బయట కనిపించే 2 అంగుళాల పట్టీ ఉంటుంది. ప్రమాదం జరిగితే బయటి నుంచి వచ్చేవాళ్లకి తలుపెక్కడో తెలియడానికి పెట్టింది. అది చుట్టూ ఉన్న రంగులో కలిసిపోకుండా తేలాలి. సిమ్యులేటర్ బొమ్మే కదా అని దాని మీద రంగు పులిమేయకండి.

[తెర: టెక్స్ట్ టూల్. రామభద్ర ఫాంట్‌లో ‘గోదావరి’.]

ఇప్పుడు ఫాంట్. దూరం నుంచి చదవాలి కాబట్టి బరువైన అక్షరం కావాలి. నేను రామభద్ర తీసుకుంటున్నాను. లావుగా ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది. ఇంకాస్త సాదా అక్షరం కావాలంటే నోటో సాన్స్ తెలుగులో లావు రకం ఉంది. అక్షరాల మధ్య కర్సర్ పెట్టి, ఆల్ట్ నొక్కి బాణం గుర్తులతో ఎడం సరిచేయండి. కాగితం మీదకంటే కాస్త ఎక్కువ ఎడమే ఇవ్వండి. ఏటవాలుగా చూసినప్పుడు అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కినట్టు కనిపిస్తాయి.

ఈ టెక్స్ట్‌కి ఒక కాపీ తీసి వేరే లేయర్‌లో దాచేయండి. తర్వాత అసలుదాన్ని ఆబ్జెక్ట్ టు పాత్ చేయండి. షిఫ్ట్, కంట్రోల్, సి. ఇప్పటి నుంచి ఇది టెక్స్ట్ కాదు, ఆకారం. గ్రూపు విడదీసి చూస్తే కొన్ని ఫాంట్లలో తలకట్టో గుడో అక్షరం నుంచి విడి ముక్కగా బయటపడుతుంది. ఇలాగే ఉంచి చుట్టూ గీత ఇచ్చారంటే, ముక్కలు కలిసే చోట అక్షరం లోపల కూడా గీతలు తేలతాయి. అన్నిటినీ ఎంచుకుని యూనియన్ కొట్టండి. కంట్రోల్, ప్లస్. అతుకులన్నీ పోతాయి.

[తెర: గొట్టాన్ని ముక్కు వైపు నుంచి చూసిన బొమ్మ. వృత్తం. దాని మీద 20 డిగ్రీలు, 55 డిగ్రీల గీతలు.]

ఇదిగో, అసలైన భాగానికి వచ్చాం. వంపు.

మోడల్ తయారుచేసినవాళ్లు ఒంటిని రెండు రకాలుగా పరుస్తారు. ఒకటి, డబ్బా మీది కాగితాన్ని ఊడదీసి బల్ల మీద పరిచినట్టు. రెండోది, పక్క నుంచి ఫొటో తీసినట్టు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. టెక్స్‌చర్ (మోడల్ ఒంటికి చుట్టే బొమ్మ) నిండా చదరంగం గళ్లు నింపి సిమ్యులేటర్‌లో చూడండి. నడినెత్తి దగ్గర కూడా గళ్లు చతురస్రాలుగానే ఉంటే మొదటి రకం, మీకు ఇబ్బంది లేదు. పైకి వెళ్లేకొద్దీ గళ్లు నిలువుగా సాగిపోతే రెండో రకం. అప్పుడు ఈ లెక్క కావాలి.

విమానం పైభాగాన్ని 2 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తమనుకుందాం. కేంద్రం నుంచి అడ్డంగా చూస్తే 0 డిగ్రీలు, నడినెత్తి 90. మన పేరు అడుగు 20 డిగ్రీల దగ్గర, పై అంచు 55 డిగ్రీల దగ్గర అనుకోండి. చర్మం వెంబడి టేపు పెట్టి కొలిస్తే అక్షరం ఎత్తు 1.22 మీటర్లు. కానీ పక్క నుంచి చూసిన బొమ్మలో అది 95 సెంటీమీటర్లే. అంటే గీసేటప్పుడు ఎత్తుని 78 శాతానికి తగ్గించాలి.

ఇక్కడితో ఆగితే సగం పనే చేసినట్టు. కుదింపు అంతటా సమానంగా ఉండదు. అక్షరాన్ని చర్మం మీద సరిగ్గా సగానికి విడదీస్తే ఒక్కో సగం 61 సెంటీమీటర్లు. బొమ్మలో మాత్రం కింది సగానికి 53, పై సగానికి 42 సెంటీమీటర్లే దక్కుతాయి. పైనే ఎక్కువ నలుగుతుందన్నమాట. తెలుగులో ఆ పైనే కదా తలకట్టూ గుడీ ఉండేది! లెక్క చూసుకోకుండా గీస్తే సిమ్యులేటర్‌లో ‘రి’ మీది గుడి నిలువుగా సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కెమెరా కాస్త పైకి లేపగానే అది బయటపడుతుంది.

[తెర: పాత్ ఎఫెక్ట్స్ ప్యానెల్. లాటిస్ డిఫార్మేషన్. వరసలుగా పట్టు గుర్తులు.]

సరిచేయడం ఇలా. ముందు మొత్తం ఎత్తుని 78 శాతం చేయండి. తర్వాత పాత్ ఎఫెక్ట్స్‌లో లాటిస్ డిఫార్మేషన్ తీసుకోండి. అక్షరాల మీద వల లాగా పట్టు గుర్తులు వస్తాయి. అన్నిటికంటే పైవరసనీ కిందివరసనీ కదపకండి. లోపలి వరసల్ని మాత్రం కొద్దిగా పైకి జరపండి. అక్షరం నడిమి గీత, అడుగు నుంచి 56 శాతం ఎత్తు దగ్గరికి రావాలి. దానికోసం ముందే ఒక గైడ్ లైన్ గీసి పెట్టుకుంటే సులువు. తెర మీద చూస్తే అక్షరాలు పైన నలిగినట్టు వికారంగా ఉంటాయి. కంగారు పడకండి, గొట్టం మీదికి ఎక్కాక సర్దుకుంటాయి.

[తెర: అక్షరాల కింది భాగం మీద అల ఆకారం.]

ఇక హంగులు. నది పేరు కదా, అక్షరాల కింది మూడో వంతు నీళ్లలో మునిగినట్టు చేద్దాం. పెన్ టూల్‌తో పైన అల, కింద తిన్నగా ఉండే మూసిన ఆకారం ఒకటి గీసి అక్షరాల మీద పెట్టండి. రెండూ ఎంచుకుని పాత్ మెనూలో డివిజన్ కొట్టండి. అల గీత వెంబడి అక్షరాలు రెండుగా విడిపోతాయి. పైముక్కలకి ముదురు ఎరుపు, కిందిముక్కలకి గోదారి వరదనీటి మట్టిరంగు. రెంటి మధ్య సన్నటి తెల్లటి సందు కావాలంటే అదే అలని విమానం కొలతలో 4 సెంటీమీటర్ల పట్టీగా గీసి డిఫరెన్స్‌తో కోసేయండి.

వేగం కనిపించాలని ఏటవాలు చారలతో అక్షరాన్ని కోసే పద్ధతి కూడా ఉంది. తెలుగులో దాన్ని జాగ్రత్తగా వాడాలి. ‘ద’ అడుగున చార పడి చిన్న ముక్క మిగిలితే దూరం నుంచి అది ‘ధ’లా కనిపిస్తుంది. పేరు తప్పు చదివించే హంగు ఎంత అందంగా ఉన్నా మనకొద్దు.

మెరుపులూ నీడలూ లోహం తళుకులూ అక్షరం మీద గీయకండి. సిమ్యులేటర్‌లో సూర్యుడు కదులుతాడు. మీరు పైన మెరుపు గీస్తే, సాయంత్రం వెలుగు పక్క నుంచి పడుతున్నా అది పైనే మెరుస్తూ ఉంటుంది. ఆ పని మోడల్ మెటీరియల్‌కి వదిలేయండి. మనం ఇవ్వాల్సింది చదునైన రంగులే. 1967లో డిజైనర్ మాసిమో విన్యెల్లి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి చేసింది చూడండి: హెల్వెటికా అక్షరాలు, ఒక మాట ఎరుపు, ఒక మాట నీలం, మధ్య ఖాళీ కూడా లేదు. ఆ రూపం 2013 దాకా నిలిచింది.

[తెర: విమానం తిరుగుతుంది. ఇప్పుడు ముక్కు కుడివైపు.]

అవతలి పక్క. ఎడమ పక్కని కాపీ చేసి తిప్పేస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. అది అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఇంకోటుంది. ఎడమ పక్కన పేరు ముక్కు దగ్గర మొదలై తోక వైపు నడుస్తుంది. కుడి పక్కన ‘గో’ రెక్క వైపు ఉంటుంది, ‘రి’ తలుపు దగ్గర ఆగుతుంది. అంచు కుదర్చాల్సింది ‘రి’కి. అల మాత్రం తిరగాలి, ఎందుకంటే రెండు పక్కలా నీళ్లు తోక వైపే పారాలి. అక్షరం తిరగకూడదు, అల తిరగాలి. కాబట్టి డివిజన్ రెండు పక్కలకీ విడివిడిగా చేయాల్సిందే. దాచిపెట్టిన కాపీ ఇప్పుడు బయటికి తీయండి.

అక్షరాలని ఏటవాలుగా వంచకుండా నిలువుగానే ఉంచడానికి కారణం కూడా ఇదే. మామూలు ఏటవాలు కుడి పక్కన ముక్కు వైపు వాలి, ముందుకి దూకుతున్నట్టు ఉంటుంది. అదే ఎడమ పక్కన తోక వైపు వాలిపోతుంది.

[తెర: తోక దగ్గర రిజిస్ట్రేషన్.]

చివరగా రిజిస్ట్రేషన్. ఇది తెలుగులో రాయడానికి లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 7వ అనుబంధం ప్రకారం అలంకారాలు లేని పెద్ద రోమన్ అక్షరాలే ఉండాలి. ఒంటి మీద ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు. వెడల్పు ఎత్తులో మూడింట రెండొంతులు, అంటే 20. గీత మందం ఆరో వంతు, అంటే 5. అక్షరాల మధ్య సందు వెడల్పులో నాలుగో వంతుకి తగ్గకూడదు, అదీ 5. భారతదేశం గుర్తు వీటీ, అడ్డగీత, తర్వాత మూడక్షరాలు. అడ్డగీత కూడా 20 సెంటీమీటర్లే. మొత్తం 145 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల గ్రిడ్ పెట్టుకుంటే ఫాంట్ అవసరం లేకుండా దీర్ఘచతురస్రాలతోనే చాలావరకు కట్టేయొచ్చు.

[తెర: ఎక్స్‌పోర్ట్ ప్యానెల్.]

షిఫ్ట్, కంట్రోల్, ఇ. పేజీ ఎంచుకుని, వెడల్పు 4096 ఇచ్చి పీఎన్‌జీగా తీయండి. పెయింట్ కిట్ లేయర్ కనిపించకుండా చేయడం మర్చిపోకండి. ఈ పీఎన్‌జీని జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెయింట్ కిట్ తెరిచి, తెల్ల రంగుకి పైన, రేకుల అతుకులూ రివెట్లూ ఉన్న లేయర్‌కి కింద పెట్టండి. అతుకు గీతలు అక్షరం మీదుగా వెళ్తేనే అది పెయింట్‌లా ఉంటుంది. మీది ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్ అయితే విమానం ఫోల్డర్‌లో లివరీస్ లోపల కొత్త ఫోల్డర్ చేసి, అందులో ఆబ్జెక్ట్స్ అనే ఫోల్డర్‌లో అసలు టెక్స్‌చర్ పేరుతోనే ఈ ఫైల్ పెట్టాలి.

[తెర: రన్‌వే చివర నుంచి, దూరంగా విమానం.]

ఎక్కించాక రన్‌వే అవతలి చివర నుంచి ఒకసారి చూడండి. అల దగ్గర వదిలిన తెల్లటి సందు పూడుకుపోయినట్టు ఉంటే ఇంక్‌స్కేప్‌లోకి వెళ్లి పట్టీని 4 నుంచి 6 సెంటీమీటర్లు చేసి మళ్లీ కోయండి. నేను గీసిన ఎస్‌వీజీ ఫైల్, గ్రిడ్‌తో సహా, వీడియో కింద పెట్టాను.